కొండ మీద లేని ట్రాన్స్‌మిటర్

గాలిలో ఖాళీ ఉందో లేదో తేల్చడానికి మన దేశంలో గాలిని చూడరు, కాగితాన్ని చూస్తారు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలియాల్సింది. రిటైరయ్యాక తెలిసింది. తెలియడానికి ఒక మనిషి సముద్రంలో పోవాల్సి వచ్చింది. అందుకే కోపంగా రాస్తున్నాను. కాస్త మర్యాదగా రాయండని మా ఆవిడ చెప్పింది. ప్రయత్నించాను, కుదరలేదు.

నేను నెల్లిమర్ల వాణ్ణి. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. డిప్లొమా చదివి శ్రీకాకుళం జిల్లాలో గార వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న టీవీ రిలే కేంద్రంలో టెక్నీషియన్‌గా చేరాను, అక్కడే ఇంజనీరుగా దిగిపోయాను. ప్రమోషన్లు ఎలా వచ్చాయో, రానివి ఎందుకు రాలేదో రాయను. వాటితో ఎవరికీ పని లేదు. వైర్‌లెస్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు అక్కరకొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది నేను చేసిన తప్పు.

మీటరును నమ్మని మనిషి

నేను చేరినప్పుడు మా స్టేషన్ ఇంజనీరు నరసింగరావు గారు. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఒకసారి పోలాకి వైపు ఒక ఊరి నుంచి ఉత్తరం వచ్చింది, తెర నిండా చీమలు తప్ప బొమ్మ కనబడడం లేదని. నేను వెళ్ళి మీటరు చూశాను. సూది ఉండాల్సిన చోటే ఉంది. "మన దగ్గర అంతా బాగానే ఉందండీ" అన్నాను గర్వంగా.

"మీటరు మన గదిలో ఉంటాది. బొమ్మ ఆల ఇంట్లో ఉంటాది. ఉత్తరం ఎవలు రాసినార్రా, మీటరు రాసిందా?" అన్నారాయన.

ఒక చిన్న టీవీ సెట్టును గోనెసంచిలో చుట్టించి నన్ను బస్సెక్కించి, తానూ ఎక్కారు. ఊళ్ళో దిగి ఇళ్ళ మీదికి చూస్తే యాంటెనాలన్నీ సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. మా కేంద్రం ఉన్నది సరిగ్గా అవతలి దిక్కున. ఆరా తీశాం. ప్రెసిడెంటు గారి డాబా మీది యాంటెనాను కోతి తిప్పేసింది. ప్రెసిడెంటు గారు తిప్పించారంటే ఏదో తెలిసే తిప్పించి ఉంటారని ఊరంతా తమవీ అటే తిప్పుకుంది. ఊరంతా అటే పెట్టుకుంది కదా అని ప్రెసిడెంటు గారు తనది సరిచేయించలేదు.

నేను బస్సులో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నరసింగరావు గారు నవ్వలేదు. "ఆఫీసులూ ఇలగే నడుస్తాయి, సూస్తా ఉండు" అన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి ఫిర్యాదుకూ ఊరికి వెళ్ళి, ఆ ఇంటి చాప మీద కూర్చుని, వాళ్ళ టీవీలోనే బొమ్మ చూసి వచ్చేవాళ్ళం.

ఆయన తర్వాత వచ్చిన అధికారి పేరు రాయను. కుర్చీలోంచి లేచే మనిషి కాదు. మా జనరేటరు చెడిపోతే నెలవారీ నివేదికలో "చెడిపోయింది" అని రాశాను. కాగితం వెనక్కి వచ్చింది. పోయిన నెల బాగుందని రాసి ఈ నెల ఎలా చెడిపోయిందో సంజాయిషీ ఇవ్వమని ఎర్రసిరాతో రాసి ఉంది. నాకు ఒళ్ళు మండింది. మరుసటి నెల "బాగుంది" అని రాసి పంపాను. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆ జనరేటరు తుప్పు పట్టి, అందులో పాము కాపురం పెట్టాక కూడా కాగితం మీద దివ్యంగా తిరుగుతూనే ఉంది.

నేను నేర్చుకున్న చెడ్డ పాఠం అదే. ఫారం అబద్ధాల కోసం, నిజం రాసుకోవడానికి మన లాగ్ బుక్ ఉంది అనే పొగరు పట్టుకుంది నాకు. లాగ్ బుక్ అంటే కేంద్రంలో రోజూ ఏం జరిగిందో రాసే పుస్తకం. అందులో అక్షరం పొల్లుపోకుండా రాసేవాణ్ణి. ఫారాలు మాత్రం ఎడంచేత్తో నింపేవాణ్ణి. ఆ పొగరు ఎవరి కొంప ముంచిందో చెబుతాను.

ఆఖరి రోజు

ఇంటింటికీ డిష్షులు వచ్చాక మా బొమ్మ చూసేవాళ్ళు లేకుండా పోయారు. పాత పద్ధతి ప్రసారాలు ఆపేయమని ఆదేశం వచ్చింది. ఒక మధ్యాహ్నం నా చేత్తోనే స్విచ్ దించాను. ఫ్యాన్లు ఆగాక ఆ గదిలో బయటి కాకుల అరుపు వినబడింది. అన్నేళ్ళలో అక్కడ కాకులున్నాయని నాకు తెలియదు. వాచ్‌మన్ సింహాచలం టవరుకు దండం పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడి ఆపుకున్నాను.

మూసివేత ఫారంలో "ప్రస్తుత స్థితి" అని ఒక గడి ఉంది. ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను చంపమన్నదీ వాళ్ళే, బతికుందా అని అడిగేదీ వాళ్ళే అనిపించి ఆ గడి వదిలేశాను. కింద "జతపరచిన లాగ్ బుక్ పేజీ చూడగలరు" అని రాసి సంతకం గిలికాను. లాగ్ బుక్‌లో మాత్రం తెలుగులో, మనసు పెట్టి, ఆఖరి వాక్యం రాశాను.

కొన్నాళ్ళకు సాలూరు లారీ ఒకటి వచ్చి టవరు ఇనుము ఎత్తుకుపోయింది. నేనూ రిటైరయ్యాను.

కళింగపట్నంలో పెట్టెలు

ఏడాది తిరక్కుండానే స్రవంతి అనే అమ్మాయి సాయం అడుగుతూ ఫోను చేసింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పరిశోధన బృందానికి ఆమె పెద్ద. టీవీల కోసం కేటాయించిన తరంగాల్లో మన వైపు చాలా చానళ్ళు ఖాళీగా ఉన్నాయి, వేసవి సెలవుల్లో బడి గదుల్లాగా. ఆ ఖాళీ చానళ్ళలో బొమ్మకు బదులు ఇంటర్నెట్ పంపవచ్చు. సెల్‌ఫోను తరంగాల్లో ఎక్కువ వాటికంటే ఇది పొడుగాటి తరంగం. చెట్లను దాటుతుంది, నీళ్ళ మీద చాలా దూరం పోతుంది. ఒక జీవితమంతా ఆ తరంగాలతో గడిపిన నాకు వాటితో మనుషులు మాట్లాడుకోవచ్చునన్న ఆలోచనే రాలేదు. స్రవంతిని చూసి కొంచెం అసూయపడ్డాను కూడా.

కళింగపట్నంలో చిన్న పడవల వాళ్ళకు సముద్రం మీద సెల్‌ఫోనే దిక్కు. కొంతదూరం పోయాక అదీ మూగదవుతుంది. వల వేసే చోటు ఎప్పుడూ దానికి అవతలే. అందుకని తుఫాను షెల్టరు డాబా మీద యాంటెనా నిలబెట్టి, ఐదు పడవలకు మాట అందుకుని పంపే ఐదు పెట్టెలు బిగించాం. షెల్టరులో ఒక గది తాళం నా చేతికిచ్చారు. అక్కడివాళ్ళు నన్ను టీవీ బాబు అనేవాళ్ళు.

మొదటి రోజు పడవలో సముద్రం మీదికి వెళ్ళాం, ఏదీ పనిచేయలేదు. కెరటం లేచినప్పుడల్లా సిగ్నల్ తెగిపోతోంది. స్రవంతి లాప్‌టాప్‌లో లెక్కలు చూస్తోంది, నేను మీటరు చూస్తున్నాను. పడవ యజమాని ఎర్రయ్య మా ఇద్దర్నీ చూస్తున్నాడు.

"ఏటి బాబూ, ఆ యాంటెనా పడవ అడుగున కట్టినారు? మాకు ఒడ్డు కనపడకపోతే లేసి నిలబడతాం గదా. దాన్నీ నిలబెట్టండి, కర్ర సివర కట్టీయండి" అన్నాడు.

వలకు ఆనవాలుగా జెండా కట్టే వెదురుగడ ఒకటి తెచ్చి తనే కట్టాడు. మా ఫోన్లు చచ్చిపోయిన చాలాసేపటికి కూడా అది బతికే ఉంది. ఒడ్డున షెల్టరులో స్రవంతి బృందం వాళ్ళు ఎర్రయ్య భార్య పోలమ్మను మైకు ముందు కూర్చోబెట్టారు. ఇసకలో చేపలు ఎండేసే పని వదిలి వచ్చింది, చేతులకు ఇంకా ఉప్పు ఉంది.

"ఒసే, ఇనపడతందా?" అన్నాడు ఎర్రయ్య.

"ఇనపడతంది మావా. ఎందుకలా అరుస్తన్నావు? సద్దన్నం తిన్నావా నేదా?"

"ఇంత దూరం నుంచి మాటాడతంటే సద్దన్నం గురించా?"

"మరేటి అడగాల? సముద్రం బాగుందా అనా?"

పడవలో అందరం నవ్వాం. ఎర్రయ్య మాత్రం నా వైపు తిరిగి, "బాబూ, ఇరవై బారల లోతు నీటి మీద మా ఆడదాని గొంతు ఇనడం ఇదే మొదలు" అన్నాడు. చెబుతున్నాను, ఏ బొమ్మ ప్రసారం చేసినప్పుడూ నాకు అంత సంతోషం కలగలేదు.

ఒకరోజు పొద్దున్న ఈదురుగాలి హెచ్చరిక వచ్చింది. పోలమ్మ మైకు పట్టుకుని ఐదు పడవల వాళ్ళనూ వరసపెట్టి తిట్టి వెనక్కి రప్పించింది. వాళ్ళు పక్క పడవలకు చేతులూపి వాటినీ తీసుకొచ్చారు. అన్నీ ఒడ్డుకు చేరాక గాలి లేచింది. ఆ సాయంత్రం ఒక్క ఇంట్లోనూ ఏడుపు వినబడలేదు. దాన్ని విజయం అని ఏ నివేదికలోనూ రాయడానికి గడి ఉండదు.

వాడుకలో ఉంది

మాకిచ్చింది ప్రయోగానికి తాత్కాలిక అనుమతి. గడువు ముగిసేముందు స్రవంతి పొడిగింపు అడిగింది. జవాబు ఒక్క వాక్యం: సదరు చానల్ ఆ ప్రాంతంలో వాడుకలో ఉంది, కావున అనుమతి ఇవ్వడం కుదరదు.

వాడుకలో ఉందట! ఎవరు వాడుతున్నారు? నా చేత్తో నేను ఆపిన చానల్ అది. నేను ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఫోను చేశాను. "రికార్డులో ఉందండీ" అన్నారు. వచ్చి చూడండయ్యా అన్నాను. "అలాంటి పద్ధతి లేదండీ" అన్నారు. ఈలోగా పరికరాలు వెంటనే విప్పేయాలని ఇంకో ఆదేశం. ఆ ఒక్కటి మాత్రం ఆగమేఘాల మీద వచ్చింది.

ఐదు పడవల మీది పెట్టెలూ విప్పింది ఈ చేతులే. ఎర్రయ్య పక్కన నిలబడి చూస్తూ, "మల్లీ ఎప్పుడు పెడతారు?" అన్నాడు. నెలలోపే అన్నాను. ఏ ఆధారంతో అన్నానో నాకే తెలియదు. అధికారి ముఖం పెట్టుకుని అలవాటుగా అనేశాను. పెట్టెలన్నీ షెల్టరు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ నెల పోయింది. తర్వాత ఇంకొన్ని నెలలు పోయాయి.

ఆ రోజు పొద్దున్న ఆకాశం తేటగా ఉంది. పడవలు వెళ్ళాయి. మధ్యాహ్నం భోజనాల వేళ నా ఫోనులో హెచ్చరిక మోగింది. బండి మీద కళింగపట్నం చేరేసరికి ఒడ్డున ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. దగ్గర్లో వలేసిన పడవలు వచ్చేస్తున్నాయి. ఎర్రయ్య ఇంకా రాలేదు. పోలమ్మ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, ఆ పెట్టి ఏయండి. నాను మాటాడతాను, నా మాట ఇంటాడు. ఏయండి బాబూ!"

"పెట్టె పడవ మీద లేదమ్మా. విప్పేశాం కదా."

"మరి ఏడుంది?"

నేను గది తలుపు తీసి బీరువా చూపించాను. దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు.

పడవ తిరగబడింది. ఇద్దరు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని తేలి, మర్నాడు వేరే పడవ వాళ్ళకు దొరికారు. ఎర్రయ్య దొరకలేదు. శవం కూడా దొరకలేదు.

నా దస్తూరీ

ఈసారి ఉత్తరం రాయలేదు. రైలెక్కి పెద్దాఫీసుకు వెళ్ళాను. మూడు రోజులు బల్ల మీద కూర్చోబెట్టారు. నాలుగో రోజు ఒక అధికారి కంప్యూటరులో మ్యాప్ చూపించాడు. దాని మీద పెద్ద వలయం. వలయం లోపల ఆ చానల్ ఇంకెవరూ వాడకూడదు. కళింగపట్నం, దాని ముందున్న సముద్రం అంతా వలయం లోపలే ఉన్నాయి. నడిబొడ్డున ఎర్రచుక్క శాలిహుండం కొండ మీద ఉంది.

"అక్కడ బౌద్ధుల స్తూపాలున్నాయండీ. ట్రాన్స్‌మిటర్ ఏనాడూ లేదు" అన్నాను.

"మీ కేంద్రాన్నే కొండ మీదికి మార్చారు కదా సార్. మీరే రాశారు" అన్నాడు.

ఫైలు తెప్పించాను. అందులో నా లాగ్ బుక్ పేజీ నకలు ఉంది, నా దస్తూరీలో: "ఈ రోజు మధ్యాహ్నం మన ట్రాన్స్‌మిటర్ కొండెక్కింది."

దీపం ఆరిపోయిందనడం అశుభమని మన ఇళ్ళలో కొండెక్కింది అంటాం. మా అమ్మ బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేది. అన్నేళ్ళు వెలిగించిన యంత్రాన్ని ఆపిన రోజున "ఆపేశాం" అని రాయడానికి నా చెయ్యి రాలేదు. కింద ఎవరో దానికి ఇంగ్లీషు చేశారు, ట్రాన్స్‌మిటర్‌ను కొండ మీదికి మార్చారని. తెలుగు అక్షరాలు వచ్చినవాడే, ఇంట్లో నూనెదీపం చూసి ఉండడు. ఇంకొకరు మ్యాప్‌లో దగ్గర్లో ఉన్న కొండ ఏదో వెతికి చుక్క పెట్టారు. కొండ ఎత్తు కనుక వలయం ఇంకా పెద్దదైంది. పల్లంలో ఉన్నప్పుడు మా కేంద్రం బొమ్మ అంత దూరం ఎప్పుడూ అందలేదు. ఆపిన తర్వాత, కాగితం మీద, అది సముద్రాన్నంతా ఆక్రమించింది.

ఆ అధికారి మీద అరిచాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు బస్సెక్కి వచ్చి ఆ కొండ మీదికి చూసి ఉంటే సరిపోయేది కదా అన్నాను. తప్పు ఎక్కడ మొదలైందో తెలిసి ఇంకా గట్టిగా అరిచాను. ఆ గడిలో "ఆగిపోయింది" అని ఒక్క మాట రాసి ఉంటే లాగ్ బుక్ పేజీ ఎవడూ తిరగేసేవాడు కాదు. కవిత్వం ఇంట్లో రాసుకోండి పిల్లలూ. గడిలో మాత్రం తిన్నగా రాయండి.

"ఇప్పుడు తీసేయండి" అన్నాను.

"తీసేయాలంటే కొండ మీది కేంద్రానికి మూసివేత నివేదిక కావాలి సార్."

"అది లేనే లేదయ్యా. లేనిదాన్ని ఎలా మూస్తాం?"

"లేదని రాస్తే విచారణ వేయాలి, అదెప్పటికి తేలుతుందో చెప్పలేను. రికార్డులో దాని ఆఖరి ఇంజనీరు మీరే కనుక మూసేశామని రాయండి, తేదీ వేసి సంతకం పెట్టండి. వెంటనే తీసేస్తాం." పాపం, నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

మూసివేత తేదీ

ఆ ఫారం పట్టుకుని తిన్నగా కళింగపట్నం వెళ్ళాను. పోలమ్మ ఇసకలో కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. కొండ, వలయం, నేను రాసిన మాట, వదిలేసిన గడి, ఏదీ దాచలేదు.

చేతిలో ఉన్న చేపను తిరగేసి పక్కన పెట్టింది. తర్వాత అంది, "సదువుకున్నోలు గదా బాబూ. ఆరిపోయింది అని రాయడానికి మీకేటి నొప్పి?"

ఫారం మడత విప్పి ఆమె ముందు పెట్టాను.

"ఇప్పుడు ఈ అబద్ధం మీద సంతకం పెడితే పెట్టెలు మల్లీ వస్తాయా?"

"వస్తాయమ్మా."

"అయితే పెట్టీయండి. మిగతా నాలుగిళ్ళలో ఆడోళ్ళున్నారు." ఫారం వైపు చూసింది. "తేదీ ఏటి ఏస్తారు?"

ఏదో ఒకటి వెయ్యాలన్నాను.

"మావోడు ఎల్లిన దినం ఏయండి. నాను ఆఫీసులు తిరగతన్నాను, శవం నేదు గనక పోనాడని రాయం అంతన్నారు. ఏడేళ్ళు ఆగమంతన్నారు. ఆ దినం ఒక్క సర్కారు కాయితం మీదయినా ఉండనీయండి."

అక్కడే, ఇసకలో, ఆ తేదీ వేశాను. "ప్రస్తుత స్థితి" గడిలో "ఆగిపోయింది" అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అంత శ్రద్ధగా ఏ ఫారమూ నింపలేదు.

పదో రోజుకల్లా మ్యాప్ మీద చుక్క పోయింది, వలయం పోయింది, స్రవంతికి అనుమతి వచ్చింది. నాలుగు పడవలకు పెట్టెలు మళ్ళీ బిగించాం. మైకు దగ్గర పోలమ్మే కూర్చుంటోంది. కొండ మీద ఏనాడూ లేని ట్రాన్స్‌మిటర్ ఫలానా తేదీన పోయిందని ప్రభుత్వం ముద్ర వేసి ధ్రువీకరించింది. అదే తేదీన ఎర్రయ్య పోయాడని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.